మౌస్ లాగితే పలకదు, ఇంటూ మార్కు నొక్కితే మూతపడదు (జావా)

సత్తుపల్లి_కుర్రాడు | సోమవారం, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. బీటెక్ రెండో ఏడాది. జేఎన్‌టీయూ జావా ల్యాబ్ చేసినవాళ్లకు తెలిసిన ప్రోగ్రామే ఇది: మౌస్ ఈవెంట్లన్నీ (నొక్కడం, కదపడం, లాగడం లాంటివి జరిగినప్పుడు ప్రోగ్రామ్‌కి వచ్చే కబుర్లు) పట్టుకుని, ఏది వస్తే దాని పేరు విండో మధ్యలో చూపించాలి, అడాప్టర్ క్లాసులు వాడాలి. గురువారం ఇంటర్నల్. టెన్షన్‌గా ఉంది.

ఫ్రేమ్ తీసుకుని మౌస్‌అడాప్టర్‌తో రాశాను. ఎర్రర్లు ఏమీ లేవు. మౌస్ లోపలికొస్తే ఎంటర్డ్ అంటోంది, బయటికెళ్తే ఎగ్జిటెడ్ అంటోంది, క్లిక్ కూడా వస్తోంది. కదిపినా, నొక్కిపట్టి లాగినా మాత్రం ఉలుకూ పలుకూ లేదు. రిలీజ్డ్ అనే మాట ఒక్కసారి కూడా కనిపించలేదు. అన్నిటికన్నా చిరాకేంటంటే ఇంటూ మార్కు ఎన్నిసార్లు నొక్కినా విండో పోదు. కమాండ్ ప్రాంప్ట్‌కి వెళ్లి కంట్రోల్-సీ కొట్టాల్సిందే.

సీనియర్ రికార్డు చూసి రాద్దామంటే అందులో యాప్లెట్ (బ్రౌజర్లో నడిచే పాత తరహా జావా ప్రోగ్రామ్) ఉంది. యాప్లెట్‌వ్యూయర్ అని కొడితే అలాంటి కమాండే లేదంటోంది. నా ఇన్‌స్టలేషన్ తప్పా?

లూప్_లక్ష్మి | సోమవారం, రాత్రి 10:20

ఇన్‌స్టలేషన్ బాగానే ఉంది. యాప్లెట్‌వ్యూయర్‌ని జావా 11లోనే తీసేశారు. సీనియర్ రికార్డు పక్కన పెట్టు.

కోడ్ పెట్టలేదు కాబట్టి ఊహించి చెబుతున్నా. లిజనర్ అంటే ఈవెంట్ కబుర్లు వినే ఆబ్జెక్ట్. ఫ్రేమ్‌కి యాడ్‌మౌస్‌లిజనర్ ఒక్కటే పిలిచి ఉంటావు. దాని కిందికొచ్చేవి ఐదే: ప్రెస్డ్, రిలీజ్డ్, క్లిక్డ్, ఎంటర్డ్, ఎగ్జిటెడ్. కదపడం, లాగడం మౌస్‌మోషన్‌లిజనర్ వాటా. చక్రం తిప్పడానికి ఇంకొకటి, మౌస్‌వీల్‌లిజనర్. జావా 6 నుంచి మౌస్‌అడాప్టర్ ఈ మూడింటినీ ఒక్క క్లాసులో ఇచ్చేసింది, తికమకంతా అక్కడే. లాగడానికి మెథడ్ అందులోనే రాస్తావు, కంపైలర్ ఊ అంటుంది. ఫ్రేమ్‌కి మాత్రం నువ్వు ఆ ఆబ్జెక్ట్‌ని మౌస్‌లిజనర్‌గానే అప్పజెప్పావు. మిగతా కబుర్లు దానికెందుకు చెబుతుంది? అదే ఆబ్జెక్ట్‌ని యాడ్‌మౌస్‌మోషన్‌లిజనర్‌కి కూడా ఇవ్వు.

రిలీజ్డ్ వస్తూనే ఉంది, నీకు కనబడటం లేదంతే. వేలు తీయగానే రిలీజ్డ్, దాని వెనకే క్లిక్డ్. రీపెయింట్ పిలిస్తే అప్పటికప్పుడు గీసేయదు, వీలు చూసుకుని గీయమని చీటీ పెడుతుంది. గీసేవేళకి నీ స్ట్రింగ్‌లో క్లిక్డ్ వచ్చి కూర్చుంటుంది. నమ్మకం లేకపోతే నొక్కి, పట్టుకుని, నాలుగంగుళాలు జరిపి వదులు. అప్పుడు క్లిక్డ్ రాదు, రిలీజ్డ్ తెర మీద నిలబడుతుంది.

ఇంటూ మార్కు సంగతి. ఏడబ్ల్యూటీ (జావాలో పాత విండోల లైబ్రరీ) ఫ్రేమ్ తనంతట తాను మూసుకోదు. విండో ఈవెంట్ల కోసం విండోఅడాప్టర్ పెట్టి, మూసే మెథడ్‌లో డిస్పోజ్ (విండోని తీసేసే మెథడ్) పిలువు.

పాత_చింతకాయ | సోమవారం, రాత్రి 10:41

ఇంటూ మార్కు పని చేయకపోవడం తప్పేం కాదు బాబూ, అది మర్యాద. "మూసేయమంటున్నారు, ఏం చేద్దాం?" అని ప్రోగ్రామ్‌ని అడగడమే ఆ ఈవెంట్. మేము విండోస్‌లో సీ భాషతో రాసే రోజుల్లో దీన్ని మూడు మెట్లుగా చూసేవాళ్లం. ఇంటూ నొక్కితే డబ్ల్యూఎం-క్లోజ్ వస్తుంది. దానికి డెస్ట్రాయ్‌విండో పిలిస్తే డబ్ల్యూఎం-డెస్ట్రాయ్ వస్తుంది. అందులో పోస్ట్‌క్విట్‌మెసేజ్ పిలిస్తే అప్పుడు మెసేజ్ లూప్ ఆగుతుంది. మూడోది మర్చిపోతే విండో మాయమవుతుంది, ప్రాసెస్ మాత్రం టాస్క్ మేనేజర్‌లో దెయ్యంలా తిరుగుతుంటుంది.

సత్తుపల్లి_కుర్రాడు | సోమవారం, రాత్రి 11:35

లక్ష్మి గారూ, చాలా థ్యాంక్స్. మోషన్‌లిజనర్ కలిపాక మూవ్డ్ వచ్చింది! కానీ లాగితే ఇప్పటికీ ఏమీ లేదు. ఇంటూ మార్కు కూడా అలాగే ఉంది. విండోఅడాప్టర్ పెట్టాను, విండోక్లోజ్డ్ మెథడ్‌లో డిస్పోజ్ రాశాను. ఆ లైన్‌కి అసలు రావడమే లేదు, ప్రింట్ పెట్టి చూశాను.

ఫోన్‌లో ఉన్నాను, కోడ్ రేపు పెడతా. లాగడానికి రాసిన మెథడ్ పేరు మౌస్‌డ్రాగ్. లోపల మెసేజ్ మార్చి రీపెయింట్ పిలిచాను, అంతే.

లూప్_లక్ష్మి | సోమవారం, రాత్రి 11:48

దొరికింది. మెథడ్ పేరు మౌస్‌డ్రాగ్ కాదు, మౌస్‌డ్రాగ్డ్. ఇంగ్లిష్‌లో చివర మూడక్షరాలు తక్కువ.

అడాప్టర్‌తో ఉన్న సుఖం, దుఃఖం రెండూ ఇవే. ఇంటర్‌ఫేస్‌ని నేరుగా అమలు చేసి ఉంటే "ఫలానా మెథడ్ రాయలేదు" అని కంపైలర్ గొడవ చేసేది. అడాప్టర్‌లో అన్నీ ఖాళీ మెథడ్లుగా ముందే ఉన్నాయి. నువ్వు తప్పు పేరుతో రాస్తే అది నీ సొంత మెథడ్ అనుకుంటుంది. పిలిచేవాడుండడు, ఎర్రరూ ఉండదు. అందుకే ప్రతి మెథడ్ నెత్తిన ఓవర్‌రైడ్ అనోటేషన్ పెట్టాలి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా కంపైల్ కాదు. చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా కూడా పట్టేస్తుంది.

విండోక్లోజ్డ్‌దీ ఇలాంటి కథే, కాకపోతే అక్కడ పేరు సరిగ్గానే ఉంది, అర్థం వేరు. విండోక్లోజింగ్ అంటే మూయమని అడుగుతున్నారని. విండోక్లోజ్డ్ అంటే డిస్పోజ్ అయిపోయిందని. క్లోజ్డ్ రావాలంటే ముందు డిస్పోజ్ జరగాలి, నువ్వేమో డిస్పోజ్‌ని క్లోజ్డ్ లోపల దాచావు. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టుంది.

సత్తుపల్లి_కుర్రాడు | మంగళవారం, ఉదయం 7:10

రెండూ పని చేశాయి!! రాత్రి పన్నెండున్నరకి ఇంటూ మార్కు నొక్కి, విండో పోతే మా రూమ్‌మేట్‌ని లేపి చూపించాను. తిట్టాడు.

ఇంకో చిన్న డౌట్. వెడల్పులో సగం, ఎత్తులో సగం ఇచ్చినా పేరు సరిగ్గా మధ్యలోకి రాదు, కుడివైపుకి జరిగి ఉంటుంది.

లూప్_లక్ష్మి | మంగళవారం, ఉదయం 8:02

డ్రాస్ట్రింగ్‌కి ఇచ్చే చోటు అక్షరాలు మొదలయ్యే చోటు. ఫాంట్‌మెట్రిక్స్‌తో ఆ మాట వెడల్పు కనుక్కుని అందులో సగం వెనక్కి జరుపు. నిలువు కొలత అక్షరాలు కూర్చునే గీతకి. ఫ్రేమ్ కొలతల్లో టైటిల్ బార్ కూడా కలిసి ఉంటుంది, గెట్‌ఇన్‌సెట్స్ చూసుకో.

బిల్లింగ్_బాబాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 3:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాదీ మౌస్ గోలే. తణుకులో మా టిఫిన్ హోటల్‌కి బిల్లింగ్ ప్రోగ్రామ్ నేనే రాసుకున్నా, స్వింగ్‌లో (జావాలో ఏడబ్ల్యూటీ తర్వాత వచ్చిన విండోల లైబ్రరీ). నేను కంప్యూటర్లు చదువుకున్నవాణ్ణి కాదు, మా అమ్మాయి పుస్తకాలు చూసి నేర్చుకున్నా. తెర మీద 12 టేబుళ్లు, ఒక్కో టేబుల్‌కి ఒక జేప్యానెల్ కార్డు. కార్డులో టేబుల్ నంబర్ పెద్ద లేబుల్. కార్డు మీద నొక్కితే ఆ టేబుల్ బిల్లు తెరుచుకుంటుంది. మౌస్ కార్డు మీదికి రాగానే లేత పసుపు రంగు వస్తుంది. రెండేళ్లుగా బ్రహ్మాండంగా నడిచింది.

పోయిన వారం నంబర్ లేబుల్‌కి టూల్‌టిప్ పెట్టా. మౌస్ ఆపితే "2 ఇడ్లీ, 1 పెసరట్టు ఉప్మా" అని చూపించడానికి. అది బాగానే వస్తోంది. కానీ ఆ రోజు నుంచి నంబర్ మీద నొక్కితే బిల్లు తెరుచుకోదు! కార్డు అంచున నొక్కితే తెరుచుకుంటోంది. సర్వర్ కుర్రాళ్లు మౌస్ పాడైందని కొత్తది కొనిపించారు. అదీ అంతే. మౌస్ నంబర్ మీదికి రాగానే పసుపు రంగు కూడా పోతోంది.

కాపలాదారు (మోడరేటర్) | మంగళవారం, మధ్యాహ్నం 3:40

బాబాయ్ గారూ, మామూలుగా అయితే వేరే చర్చ మొదలుపెట్టమంటాను. ఇది మౌస్ లిజనర్ల గురించే కాబట్టి కానివ్వండి.

పాత_చింతకాయ | మంగళవారం, మధ్యాహ్నం 3:58

టూల్‌టిప్‌కీ క్లిక్‌కీ సంబంధం ఏముంటుంది? ఆ రోజే ఇంకేదో మార్చి ఉంటారు, గుర్తు తెచ్చుకోండి.

బిల్లింగ్_బాబాయ్ | మంగళవారం, సాయంత్రం 4:20

ఒట్టు. ఒక్క లైనే. ఆ లైన్ తీసేస్తే బాగవుతోంది, పెడితే పోతోంది. పదిసార్లు చూశా.

లూప్_లక్ష్మి | మంగళవారం, రాత్రి 9:05

సంబంధం ఉంది. నేను కూడా ఒకప్పుడు దీని మీద ఒక పూట పోగొట్టుకున్నా. కారణం చెప్పేముందు మీరే కళ్లారా చూడండి బాబాయ్ గారూ. మెయిన్‌లో గెట్‌డిఫాల్ట్‌టూల్‌కిట్ తీసుకుని, దానికి యాడ్‌ఏడబ్ల్యూటీఈవెంట్‌లిజనర్ పెట్టండి, మౌస్ ఈవెంట్ మాస్క్‌తో. వచ్చిన ప్రతి ఈవెంట్‌కీ అది ఏ కాంపొనెంట్‌కి చేరుతోందో గెట్‌సోర్స్‌తో ప్రింట్ చేయండి. తర్వాత నంబర్ మీద ఒకసారి, అంచున ఒకసారి నొక్కి ఏం వస్తుందో చెప్పండి.

బిల్లింగ్_బాబాయ్ | మంగళవారం, రాత్రి 10:30

హోటల్ కట్టేశాక చూశా. అంచున నొక్కితే జేప్యానెల్ అని వస్తోంది. నంబర్ మీద నొక్కితే జేలేబుల్ అని వస్తోంది. టూల్‌టిప్ లైన్ తీసేసి మళ్లీ నంబర్ మీదే నొక్కితే జేప్యానెల్ అంటోంది! లేబుల్ అక్కడే ఉంది కదమ్మా?

లూప్_లక్ష్మి | మంగళవారం, రాత్రి 10:52

అదే సంగతి. స్వింగ్‌లో మౌస్ ఈవెంట్ ఒక్కరికే చేరుతుంది. బాణం కింద ఉన్నవాటిలో అందరికన్నా పైనుండి, మౌస్ కబుర్లు వింటానని పేరు రాయించుకున్నవాళ్లకి. మామూలు లేబుల్ ఎవరి మాటా వినదు, అందుకే ఈవెంట్ దాని వెనకున్న ప్యానెల్‌కి వెళ్తోంది. టూల్‌టిప్ చూపాలంటే మౌస్ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు ఆగిందో తెలియాలిగా? అందుకని సెట్‌టూల్‌టిప్‌టెక్స్ట్ పిలవగానే టూల్‌టిప్‌మేనేజర్ మీకు చెప్పకుండా ఆ లేబుల్‌కి ఒక మౌస్ లిజనర్ తగిలిస్తుంది. ఆ క్షణం నుంచి లేబుల్ వినేవాళ్ల జాబితాలో ఉంది. క్లిక్ దానికే వెళ్తుంది, అదేమీ చేయదు, అక్కడితో సరి. వెనకున్న ప్యానెల్‌కి కబురే అందదు.

పసుపు రంగు పోవడానికీ కారణం ఇదే. మౌస్ లేబుల్ మీదికి రాగానే ప్యానెల్ దృష్టిలో అది బయటికెళ్లినట్టు లెక్క, ఎగ్జిటెడ్ వచ్చేస్తుంది.

విరుగుడు తేలిక. టూల్‌టిప్‌ని లేబుల్‌కి కాక ప్యానెల్‌కే పెట్టండి. కార్డు మీద ఎక్కడ ఆపినా ఇడ్లీల లెక్క కనబడుతుంది, క్లిక్ పోదు. లేబుల్‌కే కావాలంటే మీ లిజనర్‌ని లేబుల్‌కి కూడా తగిలించాలి. అప్పుడు కొలతలు లేబుల్ మూల నుంచి వస్తాయి, కన్వర్ట్‌పాయింట్‌తో మార్చుకోవాలి. మీకు ఆ శ్రమ దేనికి?

డామ్_దుర్గ | బుధవారం, ఉదయం 9:30

వెబ్ వైపు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. బ్రౌజర్లో క్లిక్ లోపలి ఎలిమెంట్‌కి తగిలాక ఒక్కో మెట్టూ పైకి, తల్లి దగ్గరికి, ఆవిడ తల్లి దగ్గరికి వెళ్తుంది. వద్దనుకుంటే మనమే స్టాప్‌ప్రొపగేషన్‌తో ఆపాలి. స్వింగ్‌లో ఆ ఎక్కడమే లేదు. నేను కొత్తలో ప్యానెల్‌కి లిజనర్ పెట్టి, లోపలి బటన్ క్లిక్కులు కూడా వస్తాయని ఎదురు చూస్తూ కూర్చున్నా.

పసుపు రంగు గోల మాత్రం మాకూ ఉంది. మౌస్‌అవుట్ వాడితే పిల్ల ఎలిమెంట్ మీదికెళ్లినా వస్తుంది. అందుకే మౌస్‌లీవ్ వాడతాం, అది మొత్తం పెట్టె దాటితేనే వస్తుంది.

అయినా 2 నెలల్లో మర్చిపోయే ఏడబ్ల్యూటీని ఇంకా ఎందుకు చెబుతున్నారో నాకర్థం కాదు.

పాత_చింతకాయ | బుధవారం, ఉదయం 10:12

టూల్‌టిప్ విషయంలో నాదే తప్పు, ఒప్పుకుంటున్నా. ఇన్నేళ్ల తర్వాత కొత్త ముక్క నేర్చుకున్నా.

దుర్గ గారూ, ఏడబ్ల్యూటీ పోతుందేమో గానీ ఈ గొడవలు పోవు. ఒకటి చెబుతా. సీ రోజుల్లో ఒక మ్యాప్ ప్రోగ్రామ్ రాశా. మౌస్‌తో లాగి డబ్బా గీయాలి. విండో లోపల ఉన్నంతసేపూ బాగుంది. లాగుతూ విండో అంచు దాటి వదిలితే, వదిలిన సంగతి నా విండోకి తెలియదు. వెనక్కి తెస్తే వేలు తీసేసినా డబ్బా మౌస్ వెంట పడి వస్తుంది, గోనెసంచికి అంటుకున్న పల్లేరుకాయలాగ. నొక్కగానే సెట్‌క్యాప్చర్ పిలవాలని, వదలగానే రిలీజ్‌క్యాప్చర్ పిలవాలని ఒక పెద్దాయన చెప్పాడు. పిలిచా. బయటికెళ్లినా కబుర్లు వచ్చాయి. అప్పుడు ఇంకో చిత్రం. విండోకి ఎడమవైపు 5 పిక్సెళ్లు దాటగానే డబ్బా కుడివైపు ఎక్కడికో ఎగిరిపోయింది. ప్రింట్ చేస్తే అడ్డం కొలత 65531.

మైనస్ 5 రావాలి. ఎల్‌పారామ్ (మౌస్ కొలతలు మోసుకొచ్చే సంఖ్య) నుంచి కొలతని లోవర్డ్‌తో తీశా, దానికి మైనస్ గుర్తు తెలియదు. 65536లోంచి 5 తీసేస్తే ఎంతో చూసుకోండి. గెట్-ఎక్స్-ఎల్‌పారామ్ వాడితే సరిపోయింది. ఎడమవైపు రెండో మానిటర్ పెట్టుకునేవాళ్లున్నారు కాబట్టి తెర కొలతల్లో కూడా ఈ మైనస్ వస్తుంది.

లూప్_లక్ష్మి | బుధవారం, ఉదయం 11:00

జావాలో ఆ క్యాప్చర్ పని మనకి లేదు. ఎక్కడ నొక్కారో ఆ కాంపొనెంట్‌కే, వేలు తీసేదాకా, బయటికెళ్లినా డ్రాగ్డ్ వస్తుంటుంది. మైనస్ కొలతలు మాత్రం వస్తాయి. కుర్రాడా, నీ ప్రోగ్రామ్‌లో నొక్కిపట్టి విండో బయటికి లాగి చూడు, కొలతలు ప్రింట్ చేస్తూ.

డామ్_దుర్గ | బుధవారం, ఉదయం 11:15

బ్రౌజర్లో సెట్‌పాయింటర్‌క్యాప్చర్. సరే చింతకాయ గారూ, పేరు తప్ప గొడవ ఒకటే. నా చివరి లైను వెనక్కి తీసుకుంటున్నా.

బిల్లింగ్_బాబాయ్ | బుధవారం, రాత్రి 9:40

టూల్‌టిప్ కార్డుకి పెట్టా, అంతా బాగుంది. లక్ష్మమ్మా, నీకు మా హోటల్లో ఎప్పుడైనా పెసరట్టు ఫ్రీ.

ఆశకి అంతు లేదు కదా, ఇంకోటి. ప్రింట్ బటన్ నొక్కాక ప్రింటర్ కదలడానికి 3, 4 సెకన్లు పడుతుంది. ఈలోగా తెర బిగుసుకుపోతుంది. కుర్రాడు ఆగలేక టకటకా నాలుగుసార్లు నొక్కుతాడు, నాలుగు బిల్లులు వస్తాయి. అందుకని మెథడ్ మొదట్లో బటన్‌ని పని చేయకుండా చేసి, ప్రింట్ అయ్యాక చివర్లో మళ్లీ తెరిచా. అయినా నాలుగు బిల్లులే! బటన్ మూసి ఉండగా నొక్కులు ఎలా లోపలికెళ్లాయి?

లూప్_లక్ష్మి | బుధవారం, రాత్రి 10:25

మూసి ఉండగా వెళ్లలేదు. తెరిచాక వెళ్లాయి.

ఈవెంట్లన్నీ ఒక వరసలో నిలబడతాయి, వాటిని చూసే గుమస్తా ఒక్కడే, ఈవెంట్ డిస్పాచ్ థ్రెడ్. మీ ప్రింట్ పని ఆ గుమస్తా చేతే చేయిస్తున్నారు. అతను 4 సెకన్లు ప్రింటర్ దగ్గరుంటే కిటికీ దగ్గర ఎవరూ లేరు, తెర గీసే పని కూడా ఆగింది. బటన్ బూడిద రంగులోకి మారడం కూడా మీ కుర్రాడికి కనిపించి ఉండదు. అతని మూడు నొక్కులూ వరసలో నిలబడ్డాయి. గుమస్తా తిరిగొచ్చి, మీరు చెప్పినట్టే ముందు బటన్ తెరిచి, అప్పుడు వరసలో తర్వాతిది తీశాడు. చూస్తే బటన్ తెరిచే ఉంది.

ప్రింట్ పనిని స్వింగ్‌వర్కర్‌కి అప్పగించండి. బటన్ మూసి, వర్కర్‌ని మొదలుపెట్టి, మెథడ్ అయిపోవాలి. డూఇన్‌బ్యాక్‌గ్రౌండ్‌లో ప్రింట్, డన్ అనే మెథడ్‌లో బటన్ తెరవడం. అప్పుడు అదనపు నొక్కులు వచ్చేసరికి బటన్ నిజంగానే మూసి ఉంటుంది, వాటిని పట్టించుకోదు.

అన్నట్టు, ఇంటూ మార్కు నొక్కితే మీ ప్రోగ్రామ్ ఏం చేస్తుంది?

బిల్లింగ్_బాబాయ్ | బుధవారం, రాత్రి 10:50

"మూసేయాలా?" అని అడుగుతుంది. కాదన్నా మూసుకుపోతుంది. మళ్లీ తెరుస్తాం. సాయంత్రానికి కంప్యూటర్ నత్తలా నడుస్తుంది, రీస్టార్ట్ చేస్తాం.

లూప్_లక్ష్మి | బుధవారం, రాత్రి 11:05

అనుకున్నా. టాస్క్ మేనేజర్ తెరిచి జావాడబ్ల్యూ అనే పేరుతో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

జేఫ్రేమ్ ఏడబ్ల్యూటీ ఫ్రేమ్‌లాగ మొండిది కాదు, కానీ దానిది ఇంకో గుణం. ఏమీ చెప్పకపోతే ఇంటూ నొక్కినప్పుడు దాక్కుంటుంది, చావదు. మీ విండోక్లోజింగ్‌లో ప్రశ్న అడగడం అయ్యాక, జవాబు ఏదైనా సరే, అది తన పని తాను చేసుకుపోతుంది. సెట్‌డిఫాల్ట్‌క్లోజ్‌ఆపరేషన్‌కి డూ-నథింగ్-ఆన్-క్లోజ్ ఇవ్వండి. అవునంటేనే మీరే డిస్పోజ్ పిలవండి, లేదా సిస్టమ్ ఎగ్జిట్.

బిల్లుల్ని మూసేటప్పుడు సేవ్ చేస్తున్నారేమో, అది మాత్రం వద్దు. కరెంటు పోతే విండోక్లోజింగ్ రాదు. ఒక్కో ఐటమ్ కొట్టినప్పుడే సేవ్ చేయండి.

బిల్లింగ్_బాబాయ్ | గురువారం, ఉదయం 6:20

తొమ్మిది ఉన్నాయి.

సత్తుపల్లి_కుర్రాడు | గురువారం, సాయంత్రం 5:30

ఇంటర్నల్ అయింది! ప్రోగ్రామ్ నడిచింది. వైవాలో విండోలిజనర్‌లో ఎన్ని మెథడ్లని అడిగారు, 7 అని వరసగా చెప్పాను: ఓపెన్డ్, క్లోజింగ్, క్లోజ్డ్, ఐకానిఫైడ్, డీఐకానిఫైడ్, యాక్టివేటెడ్, డీయాక్టివేటెడ్. క్లోజింగ్‌కీ క్లోజ్డ్‌కీ తేడా అడిగితే బీరువా తాళం చెప్పాను. మేడమ్ నవ్వారు.

బిల్లింగ్_బాబాయ్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:45

శభాష్ అబ్బాయ్. ఇక్కడ కూడా ఒక్క నొక్కుకి ఒక్క బిల్లు. జావాడబ్ల్యూలు ఒకటే ఉంది. ఇప్పుడు మా అమ్మాయి కార్డు మీద కుడి బటన్ నొక్కితే మెనూ రావాలంటోంది, టేబుల్ మార్చడానికి.

సత్తుపల్లి_కుర్రాడు | శుక్రవారం, సాయంత్రం 4:10

ఇది నాకు తెలుసు బాబాయ్ గారూ. మౌస్‌రిలీజ్డ్‌లో ఈజ్‌పాపప్‌ట్రిగ్గర్ అవునా కాదా చూసి, జేపాపప్‌మెనూకి షో పిలవండి. నేను చేసి చూశాను, వస్తోంది.

లూప్_లక్ష్మి | శుక్రవారం, సాయంత్రం 4:31

విండోస్‌లో వస్తుంది. లినక్స్‌లో, మ్యాక్‌లో నొక్కినప్పుడే వచ్చేస్తుంది, వదిలినప్పుడు రాదు. మౌస్‌ప్రెస్డ్‌లోనూ అదే తనిఖీ పెట్టండి.